ఏదీ, జర్మన్‌లో ఒక ముక్క చెప్పు

పిల్లల బళ్ళో టీచర్లుగా కొత్తగా చేరిన అమ్మాయిలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు, మీ సర్వీసు మొత్తంలో మిమ్మల్ని బాగా ఏడిపించిన పిల్ల ఎవరు ఆంటీ అని. కొరికే పిల్ల గురించి చెబుతానని వాళ్ళ ఆశ. కొరికేవాళ్ళు చాలామందే తగిలారు, నా ఎడమ చేతి మీద ఇంకా గుర్తులున్నాయి. కానీ కొరికే పిల్లతో పెద్ద చిక్కు లేదమ్మా. నోరు ఎటు వస్తోందో చూసుకుని చెయ్యి వెనక్కి లాక్కుంటే సరిపోతుంది. నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించింది నోరు విప్పని పిల్ల.

నోరు విప్పదంటే మూగదనుకునేరు. ఇంగ్లీషులో వాగుడుకాయ. పొద్దున్న చెప్పులు విప్పుతూ మొదలుపెడితే సాయంత్రం చెప్పులు తొడుక్కునేదాకా ఆపేది కాదు. ఆ పిల్ల మాట్లాడనిది జర్మన్. ఆమె చేత జర్మన్ మాట్లాడించే పని వచ్చి వచ్చి నా నెత్తిన పడింది. నాకేమో జర్మన్‌లో ఓనమాలు రావు.

అదెలా పడిందో చెబుతాను. నేను మలేషియాలో, పెరాక్ కొబ్బరి తోటల్లో పుట్టిన తెలుగుదాన్ని. ఇంట్లో తెలుగు, పక్కింటివాళ్ళతో తమిళం, కొట్లో మలయ్, బళ్ళో ఇంగ్లీషు. పెళ్ళయ్యాక పని వెతుక్కుంటూ సింగపూర్ వచ్చి, హౌగాంగ్‌లో ఫ్లాట్ తీసుకుని, సైన్స్ పార్క్ దగ్గర ఒక పిల్లల బళ్ళో చేరి, అక్కడే తల నెరిసి రిటైరయ్యాను. చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు మా బడికి వచ్చేవాళ్ళు. మా ప్రిన్సిపాల్ చైనీసావిడ, మనసు మంచిది, లెక్కలు మాత్రం ఆవిడ సొంతం. నాలుగు భాషలు మోస్తున్నదానికి ఐదోది బరువా అన్నది ఆవిడ లెక్క. అందుకని ఆ పిల్ల జర్మన్ తండ్రిని నా తరగతి గదిలోకి పంపించి, తలుపు దగ్గరకు వేసి వెళ్ళిపోయింది.

ఆయన సైన్స్ పార్క్‌లో ఏదో ల్యాబులో పనిచేసేవాడు. భార్య కాకినాడ అమ్మాయి, తంజోంగ్ పగార్‌లో ఆమె ఆఫీసు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఇంగ్లీషు, పాపతో ఆమె తెలుగూ ఇంగ్లీషూ కలిపి కొట్టిన భాష, ఆయన అచ్చంగా జర్మన్. మనిషి ఆరడుగులకి పైమాటే. మా గదిలో పెద్దవాళ్ళ కుర్చీ లేదు కాబట్టి పిల్లల కుర్చీలోనే ముడుచుకుని కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

పాప పుట్టిన రోజు నుంచీ తాను ఒక్క రోజు తప్పకుండా జర్మన్‌లోనే మాట్లాడుతున్నానని చెప్పాడు. పాపకి ప్రతి ముక్కా అర్థమవుతుంది. జర్మన్‌లో బొమ్మలు సర్దమంటే, "క్యాన్‌నాట్ లా పాపా, టయర్డ్ ఆల్రెడీ" అని మా సింగపూర్ ఇంగ్లీషులో అంటుంది, పాపా అంటే నాన్న. తన ఇంట్లో పరాయి దేశస్థుణ్ణి తానొక్కణ్ణేనని ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అసలు సంగతి ఆ తరవాత బయటపడింది. ఆయన తల్లి రాబోతోంది. ఆవిడ జన్మలో విమానం ఎక్కలేదు, జర్మన్ తప్ప ఇంకో భాష రాదు. భర్త పోయాక కొడుకు ఎన్నిసార్లు రమ్మన్నా రానన్న మనిషి, మనవరాలికి ఐదేళ్ళు నిండాయి కదా, ఇప్పుడు కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు అని ఒప్పుకుంది. ఇక్కడ మనవరాలేమో ఫోన్లో ఆవిడ మొహం కనబడగానే చెయ్యి ఊపి పక్క గదిలోకి పరుగు.

"అమ్మ సింగపూర్ చూడ్డానికి రావట్లేదు," అన్నాడాయన. "పాపతో మాట్లాడ్డానికి వస్తోంది. వచ్చాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటే ఇంకోసారి రాదు. మా అమ్మ సంగతి నాకు తెలుసు."

నాకు జర్మన్ రాదని మొత్తుకున్నాను. పాప మీ మాట వింటుంది కదా అన్నాడు. తండ్రి నోటి వెంట ఆ మాట వచ్చాక ఏ టీచరు కాదంటుంది చెప్పండి. ఆ మాటకి పొంగిపోయి సరేనన్నాను.

ముందు ఆ పిల్ల ఎలాంటిదో మీకు తెలియాలి. సన్నగా, తండ్రి కళ్ళూ తల్లి జడా వేసుకుని, అన్యాయం జరిగితే భూమ్యాకాశాలు ఏకం చేసే రకం. మా బళ్ళో కథల వేళ అందరూ చాప మీద కూర్చోవాలి. ఈ పిల్ల ముందే వచ్చి, ఒక కాలి మేజోడు విప్పి తనకిష్టమైన చోట పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళేది. ఇక్కడ దాన్ని చోప్ చెయ్యడం అంటాం. తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కి భోజనానికి వెళితే, తిండి తెచ్చుకునే ముందు ఖాళీ బల్ల చూసుకుని దాని మీద ఒక టిష్యూ పొట్లం పెడతాం. అంతే, ఇక ఆ బల్ల మనది. అలాగని ఎక్కడా రాసి లేదు, పెట్టిన పొట్లాన్ని మాత్రం ఎవరూ కదిలించరు. ఆ పిల్ల మేజోడు ఎవరైనా పొరపాటున జరిపారా, ఇక కథ లేదు, కమామిషు లేదు. జరిపినవాళ్ళు దాన్ని తిరిగి చోటున పెట్టేదాకా కోర్టు నడిచేది.

అలాంటిదాన్ని స్టిక్కర్లతో లొంగదీసుకుందామనుకున్నాను చూడండి, నా తెలివి. జర్మన్‌లో ఒక్క మాట చెబితే మెరిసే నక్షత్రం ఇస్తానన్నాను. అది నా చేతిలో నక్షత్రాల కాగితం చూసి, నా మొహం చూసి, "టీచర్, యూ కీప్ లా" అని బొమ్మల దగ్గరికి పోయింది. మర్నాడు ఏనుగు స్టిక్కర్లు తెచ్చాను. ఏనుగులూ నా దగ్గరే మిగిలిపోయాయి.

తరవాత తండ్రిని పిలిచి తరగతిలో ఒక జర్మన్ కథ చదివించాను. ఆయన పాపం గొంతులు మార్చి, తోడేలులా ఊళపెట్టి, చెమటలు కక్కుతూ చదివాడు. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. అప్పుడు నేను ఆగి ఊరుకోవచ్చుగా. "చూశారా, మన పాపకి ఇదంతా వచ్చు, ఏదీ, అందరికీ ఒక ముక్క చెప్పమ్మా," అన్నాను. ఆ పిల్ల తన మేజోడు తీసుకుని, తొడుక్కుని, వెనక వరసలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంది.

మా వంటావిడ మలయ్ మనిషి. మక్‌చిక్ అని పిలిచేవాళ్ళం, అంటే పిన్నిగారనుకోండి. పిల్లలతో ఆవిడ మలయ్ తప్ప మాట్లాడేది కాదు, పిల్లలు కూడా ఆవిడ దగ్గర కోడిమాంసం ఇంకో ముక్క కావాలంటే టకటకా మలయ్‌లోనే అడిగేవాళ్ళు. నేను జర్మన్‌తో పడే అవస్థ చూసి ఆవిడ ఒక రోజు బంగాళాదుంపలు ఉడికించి, మెదిపి, జర్మన్ వంట అని పెట్టింది. ఈ పిల్ల అందరికంటే ఎక్కువ తింది, ఇంకా కావాలని అడిగింది. మలయ్‌లో అడిగింది.

ఇలా ఉండగా కాకినాడ అమ్మాయి ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచింది. మన తెలుగావిడ కదా అని అభిమానం. వెళ్ళేసరికి ఇంకో తెలుగు జంట ఉన్నారు, ఆమె ఆఫీసులో పెద్దాయన, భార్య. పులిహోర వాసనకి నా ప్రాణం లేచొచ్చింది. ఇంకా మంచినీళ్ళు కూడా తాగలేదు, ఆమె పాపని పిలిచి ముందు గదిలో నిలబెట్టింది.

"అంకుల్‌కి జర్మన్‌లో ఏదన్నా చెప్పమ్మా. చెప్పు, సిగ్గేంటి?"

పిల్ల నేల చూపులు చూసింది. తండ్రి వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తల్లి మళ్ళీ అడిగింది, పెద్దాయన భార్య బతిమాలింది. చివరికి ఆ పిల్ల గబుక్కున ఏదో నాలుగు మాటలు అంది. పెద్దాయన పకపకా నవ్వి, గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు ఖ్ఖ్ అని చేసి చూపించి, "అబ్బో, భలే ఉందే, ఇంకోసారి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ముద్దొచ్చే కొట్టారు, ఎవరి మనసులోనూ చెడ్డ లేదు. పిల్ల పరదా వెనక్కి దూరింది. దాని పాదాలు రెండూ పరదా కింద కనబడుతున్నాయి, బొటనవేళ్ళు లోపలికి ముడుచుకుని.

ఆ వేళ్ళు చూడగానే నాకు కాకినాడ గుర్తొచ్చింది. ఆ ఊరికి దగ్గర్లోనే ఎక్కడో మా తాతల ఊరు. పెళ్ళైన కొత్తలో మావారూ నేనూ ఆంధ్రా వెళ్ళి, చుట్టాల్ని వెతికి పట్టుకున్నాం. ఎంత ఆదరించారో చెప్పలేను. వెళ్ళిన సాయంత్రమే వీధి వీధంతా వచ్చి కూర్చుని, "ఏదమ్మా, మీ మలేషియా తెలుగు ఒక ముక్క మాట్లాడు" అన్నారు. నేను ఉత్సాహంగా, పొద్దున్నే పసార్‌కి పోయి చేపలు కొనుక్కొస్తామని చెప్పాను. పసార్ అంటే మాకు బజారు. ఆ మాట వినడం, వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వడం. పక్కవీధి వాళ్ళని కూడా పిలుచుకొచ్చి మళ్ళీ చెప్పించారు. వాళ్ళ నవ్వులో ప్రేమే ఉంది. అయినా మర్నాటి నుంచి తిరుగు ప్రయాణం దాకా నేను ఇంగ్లీషే మాట్లాడాను. ఎందుకని మావారు అడిగితే, తెలుగు మాట్లాడితే గొంతు నొప్పిగా ఉందన్నాను.

అన్నేళ్ళ తరవాత, చేతిలో ఇంకా తాగని మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి, ఆ పిల్ల మీద జాలీ నా మీద కోపమూ ఒకేసారి కలిగాయి. ఇంటికి మనిషి రాగానే కాఫీ కంటే ముందు పిల్లని తెచ్చి నిలబెట్టి పద్యం చెప్పించడం మన తెలుగువాళ్ళకి పుట్టుకతో వచ్చిన అలవాటు. నక్షత్రాలూ ఏనుగులూ పెట్టుకుని నేను చేసిందీ అదే. మీలో ఎవరింటికైనా నేను వస్తే కాఫీ ఇవ్వండి చాలు, పిల్లల్ని వాళ్ళ మానాన ఆడుకోనివ్వండి.

భోజనాలయ్యాక వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఆ అమ్మాయికి ఈ మాట మెల్లగా చెప్పాను. ఆమెకి కష్టంగా తోచింది.

"మా చిన్నప్పుడు మమ్మల్నీ నిలబెట్టి చెప్పించేవారు కదండీ ఆంటీ. మేమేమన్నా మూగోళ్ళమైపోయామా?"

"అయితే అప్పుడు చెప్పిన పద్యం ఇప్పుడొకటి చెప్పు తల్లీ."

ఆమె గరిట పట్టుకుని ఆలోచించింది. మొదటి పాదం సగం దాకా వచ్చింది, అక్కడ ఆగింది. ఇంకోటి మొదలుపెట్టింది, అదీ ఆగింది. గరిట సింకులో వేసి, నవ్వు ఆపుకోలేక కొంగుకి బదులు చున్నీ నోట్లో కుక్కుకుంది.

అలా మేం ముగ్గురం, తల్లీ తండ్రీ నేనూ, ఒక ఒప్పందానికొచ్చాం. నాయనమ్మ వచ్చేదాకా పాపని జర్మన్‌లో మాట్లాడమని ఎవరూ అడగకూడదు. పొరపాటున ఒక మాట వచ్చినా మెచ్చుకోకూడదు, ఆశ్చర్యపోకూడదు, ఫోన్ తీసి వీడియో పట్టకూడదు. ఆయన మాత్రం ఎప్పట్లాగే తన భాషలో మాట్లాడుకుంటూ పోవాలి. ఆయనకో అలవాటుంది, ఒక మాట చెప్పి జవాబు జర్మన్‌లో వస్తుందేమోనని కాసేపు ఆగి పిల్ల మొహంలోకి చూసేవాడు. ఆ ఆగడం కూడా మానమన్నాను. అదే ఆయనకి అన్నిటికంటే కష్టమైంది.

నా కష్టం వేరు. ప్రతి శుక్రవారం ప్రిన్సిపాల్ అడిగేది, జర్మన్ పాప కోసం ఈ వారం ఏం చేశావని. ఏమీ చెయ్యలేదనేదాన్ని. వచ్చే వారం ఏం చేస్తావు అనేది. ఏమీ చెయ్యననేదాన్ని. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసేది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఎంత కష్టమైన పనో జీతం ఇచ్చేవాళ్ళకి తెలియజెప్పడం బ్రహ్మతరం కాదు. నాకు మాత్రం ధైర్యం ఉందా అంటే, లేదు. ఈ ఉపాయం బెడిసికొడితే ఆ ముసలావిడ మొహం నేనెలా చూడాలి అని ట్రైన్లో కూర్చున్నప్పుడల్లా గుబులు పుట్టేది.

ఆవిడ రానే వచ్చింది. పొట్టిగా, గుండ్రంగా, పెద్ద గడ్డిటోపీతో ఒక పొద్దున్న కొడుకుతో కలిసి పాపని దింపడానికి వచ్చింది. జర్మన్ పిల్లలు నాయనమ్మని ఓమా అంటారట, మేమూ ఓమా అనే పిలిచాం. ఆవిడకి కనబడినవాళ్ళందరికీ చెయ్యి కలిపే అలవాటు. ప్రిన్సిపాల్‌కి, నాకు, మక్‌చిక్‌కి, పాల ప్యాకెట్లు దించుతున్న డ్రైవరుకి కూడా కలిపింది. మనవరాలు నా వెనక నక్కి కూర్చుంది.

మొదటి రోజులు ఏ మార్పూ లేదు. ఓమా జర్మన్‌లో ఏదో చెబుతుంది, పిల్ల తల ఊపుతుంది. ఏదైనా అడిగితే ఇంగ్లీషులో ఒక ముక్క. ఓమాకి అర్థం కాదు, చిరునవ్వు నవ్వి మనవరాలి జడ సవరిస్తుంది. ఒక సాయంత్రం తండ్రి ఒక్కడే వచ్చి గేటు దగ్గర ఆగాడు. పాప చెప్పులు తొడుక్కుంటోంది. అమ్మ తనని ఒక మాట అడిగిందని చెప్పాడు, పాపకి నేనంటే ఇష్టం లేదా అని. ఏమని చెప్పాలో తెలియక, సిగ్గు అన్నానన్నాడు. అమ్మ నమ్మలేదన్నాడు.

ఆ రాత్రి ఏనుగు స్టిక్కర్లు సంచీలో వేసుకున్నాను. పొద్దున్న బడి మెట్లెక్కుతూ మళ్ళీ తీసేసి మక్‌చిక్‌కి ఇచ్చేశాను. ఆవిడ వాటిని ఉప్పు, చక్కెర డబ్బాలకి అతికించుకుంది.

ఆ వారంలోనే పెద్ద పిల్లల్ని హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళే రోజు వచ్చింది. పిల్లలే స్వయంగా వరసలో నిలబడి తమ తిండి అడిగి తెచ్చుకోవడం నేర్చుకోవాలని ఏటా తీసుకెళతాం. సాయానికి ఇళ్ళ నుంచి పెద్దవాళ్ళు ఎవరైనా రావచ్చు. ఓమా టోపీ పెట్టుకుని తయారుగా వచ్చింది. మేం వెళ్ళేసరికి ఆఫీసుల వాళ్ళ భోజనాల వేళ, కాలు పెట్టే సందు లేదు. నేను పిల్లల్ని వరసలో నిలబెడుతూ, ఎక్కడైనా కూర్చోండి అని ఓమాకి చేత్తో సైగ చేశాను.

ఓమాకి ఆ సందట్లో ఒక ఖాళీ బల్ల కనబడింది. నాలుగు కుర్చీలు, బల్ల మధ్యలో ఒక టిష్యూ పొట్లం. పాపం ఎవరో మరిచిపోయి వెళ్ళారనుకుంది. కూర్చుంది. పొట్లం విప్పింది. ఒక కాగితం తీసి నుదురు తుడుచుకుంది, ఇంకోటి తీసి ముక్కు చీదింది. నేను అటు తిరిగేసరికి, మెళ్ళో ఆఫీసు కార్డు వేలాడేసుకున్న ఒక చైనీసాయన పొగలు కక్కే నూడిల్స్ గిన్నె రెండు చేతులా పట్టుకుని ఆ బల్ల ముందు బొమ్మలా నిలబడి ఉన్నాడు. ఓమా కూర్చున్నచోటు నుంచే ఆనందంగా ఆయనకి చెయ్యి చాపింది.

నా పక్కన వరసలో ఉన్న పిల్ల అది చూసింది. మేజోడు జరిపినప్పటి మొహమే. వరస వదిలేసి దూసుకుపోయింది.

"ఓమా! నైన్!"

కాదు, వద్దు అని. నాకు తెలిసిన జర్మన్ ముక్క అదొక్కటే. ఆ తరవాత వచ్చినదంతా నాకు తెలియని వరద. పొట్లాన్ని చూపించింది, బల్లని చూపించింది, నూడిల్స్ ఆయన్ని చూపించింది, వేళ్ళు మడిచి ఏవో లెక్కపెట్టింది. మధ్య మధ్య చోప్, టిష్యూ, అంకుల్ అనే మాటలు మాత్రం నాకు అందుతున్నాయి. ఓమా కళ్ళు పెద్దవి చేసుకుని విని ఏదో అడిగింది. పిల్ల నడుము మీద చేతులు పెట్టుకుని జవాబిచ్చింది. ఓమా మళ్ళీ అడిగింది. పిల్ల ఈసారి తల కొట్టుకుని మొదటి నుంచి చెప్పింది.

నూడిల్స్ ఆయన నాకేసి తిరిగాడు. తన బల్లేనని, కూర్చుంటే ఇంకో ఇద్దరికి చోటుంటుందని, ఫర్వాలేదని ఆయన చెప్పబోతున్నాడు. మంచిమనిషి. ఆయన అలా సర్దుకుపోయాడంటే ఆ తగువు అక్కడితో ఆగిపోతుంది. నేను పరుగున వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

"దయచేసి రెండు నిమిషాలు కూర్చోకండి," అన్నాను. "ఆ పాప వాళ్ళ నాయనమ్మతో మాట్లాడ్డం ఇదే మొదటిసారి."

ఆయన పిల్లని చూశాడు, ఓమాని చూశాడు, చేతిలో గిన్నెని చూశాడు.

"ఓకే లా ఆంటీ. ఐ నాట్ సో హంగ్రీ."

అలాగే నిలబడ్డాడు. ఆ గిన్నె ఎంత వేడిగా ఉందో ఆయన వేళ్ళు మార్చుకోవడంలోనే తెలుస్తోంది. ఒకసారి నోరు తెరిచి, ఎంత తెలివైన పిల్లో అనబోయాడు. నేను చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు. నాకు మాత్రం ఎగిరి గంతెయ్యాలని ఉంది, చప్పట్లు కొట్టాలని ఉంది. రెండు చేతులూ చంకల్లో బిగించుకుని నిలబడ్డాను.

వాళ్ళేం మాట్లాడుకున్నారో తరవాత ఆ తండ్రి చెబితే తెలిసింది. ఈ రూలు ఎవరు పెట్టారని ఓమా అడిగిందట. ఎవరూ పెట్టలేదు, అందరికీ తెలుసు అందట పిల్ల. మరి ఎవరైనా ఆ పొట్లం తీసేస్తే ఎలా అని ఓమా అడిగిందట. "ఎవరూ తియ్యరు ఓమా, నువ్వొక్కదానివే తీశావు" అందట.

ఓమా లేచింది. పొట్లాన్ని మూసి, రెండు చేతులతో దాని చోట దాన్ని పెట్టి, నూడిల్స్ ఆయనకి గిన్నె దించే వ్యవధి ఇచ్చి, అప్పుడు చెయ్యి కలిపింది. తరవాత తన సంచీలోంచి అంచున పువ్వులు కుట్టిన తెల్ల రుమాలు తీసి మనవరాలిని ఏదో అడిగింది. పిల్ల నాలుగువైపులా చూసి, అప్పుడే ఖాళీ అయిన ఒక బల్ల చూపించింది. ఓమా రుమాలు పరిచింది. పిల్ల దాన్ని బల్ల మధ్యకి జరిపి, తల ఊపింది. "చోప్," అంది ఓమా, గంభీరంగా.

ఇక వాళ్ళని ఆపినవాళ్ళు లేరు. ఓమాకి తెలియని విషయాలు ఈ ఊళ్ళో ఎన్నో ఉన్నాయి మరి. తిన్న పళ్ళెం తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలి, కదిలే మెట్ల మీద ఏ పక్కన నిలబడాలి, ట్రైన్లోకి కంపు కొట్టే దురియన్ పండు ఎందుకు తీసుకెళ్ళకూడదు, అన్నీ ఆ పిల్లే చెప్పాలి. చెప్పకపోతే ఓమా తప్పు చేస్తుంది, ఆ పిల్ల ప్రాణం ఒప్పదు. ఆ సాయంత్రం తండ్రి వచ్చేసరికి చెప్పుల అర దగ్గర ఇద్దరూ దేని గురించో వాదులాడుకుంటున్నారు. ఆయన గుమ్మంలో ఆగిపోయాడు. ఏమీ అనలేదు, మా ఒప్పందం మరిచిపోలేదు. మెల్లగా పిల్లల కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తీసి చొక్కాతో చాలాసేపు తుడిచాడు. పిల్ల ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో ఫిర్యాదు చేసింది. "పాపా, ఓమా డోంట్ నో ఎనీథింగ్ లా."

గమనించారా, తండ్రితో మాత్రం ఇంగ్లీషే. ఓమా ఉన్న మూడు వారాల్లో మిగిలిన రోజులన్నీ ఆవిడతో జర్మన్, తండ్రితో ఇంగ్లీషు. ఆయనకి అన్ని రూళ్ళూ తెలుసు కదా, ఆయనతో పనేముంది. ఆయన సంతోషంగానే ఉన్నాడు, కానీ విందులో అందరికీ వడ్డించి తనకి మిగలని మనిషిలా ఉన్నాడు.

కాకినాడ అమ్మాయి మాత్రం నా పేరు నిలబెట్టింది. ఆ ఆఫీసు పెద్దాయన మళ్ళీ ఇంటికొచ్చి, ఏదీ, అంకుల్‌కి జర్మన్‌లో ఒక ముక్క చెప్పు అన్నాడట. "ముందు మీరొక పద్యం చెప్పండి అంకుల్, తరవాత అది చెబుతాది," అందట ఈమె. ఆయన మొదటి పాదం దగ్గరే చిక్కుకుని బుద్ధిగా కాఫీ తాగి వెళ్ళాడని ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఓమా వెళ్ళిపోయింది. వెళుతూ ఆ పువ్వుల రుమాలు నాకిచ్చింది. మళ్ళీ వస్తావా అని మనవరాలు అడగలేదట, ఈసారి దోమల మందు తెచ్చుకో అని చెప్పిందట. ఆ రుమాలు ఇప్పటికీ నా సంచీలోనే ఉంది, హౌగాంగ్‌లో భోజనానికి వెళితే అదే పరుస్తాను.

ఓమా వెళ్ళాక ఓ పొద్దున్న ఎప్పట్లాగే తండ్రి పాపని దింపాడు. చెప్పులు విప్పడంలో సాయం చేసి, ఎప్పట్లాగే తన భాషలో రెండు మాటలు చెప్పి, జవాబు కోసం ఆగకుండా గేటు వైపు నడిచాడు. ఆయన నీళ్ళ సీసా చెప్పుల అర మీద ఉండిపోయింది. నేను చూశాను, పిలవబోయాను. నాకంటే ముందు ఆ పిల్ల సీసా పట్టుకుని మేజోళ్ళతోనే పరిగెత్తింది. గేటు దగ్గర గట్టిగా ఏదో అరిచింది.

జర్మన్‌లో అరిచింది.

ఆయన ఆగాడు. వెంటనే తిరగలేదు. తిరిగి, వంగి, సీసా అందుకుని, ఎంతో మామూలుగా ఏదో అన్నాడు. పిల్ల దానికి ఇంకో మాట అంది, చెయ్యి ఊపి లోపలికి వచ్చేసింది. నేను వంగి, అప్పటికే సర్ది ఉన్న చెప్పుల్ని మళ్ళీ సర్దడం మొదలుపెట్టాను. అది నన్ను దాటుకుని, ఒక మేజోడు విప్పి చాప మీద తన చోటులో పెట్టి, చేతులు కడుక్కోవడానికి పోయింది.

ప్రిన్సిపాల్ కిటికీలోంచి తొంగి చూసింది. ఆయన ఇంకా గేటు అవతల ఎండలో, సీసా గుండెకి ఆనించుకుని నిలబడే ఉన్నాడు. ఏం జరిగింది, అలా నిలబడిపోయాడేం అని నన్ను అడిగింది.

"ఏమీ జరగలేదు," అన్నాను. "నీళ్ళ సీసా మరిచిపోయాడు."